బండి ఒకరికి, అమ్మ ఒకరికి

ఉదయగిరి,
18 జూన్ 1978

తమ్ముడు ఓబయ్యకు,

ఇక్కడ నేను, మీ వదిన లిదియమ్మ, పిల్లలు దేవుని దయవల్ల క్షేమం. క్షేమంగా లేనిది నాయన మోటారుసైకిలు ఒక్కటే.

పది రోజులుగా కార్బొరేటరు కారుతోంది. పెట్రోలు కుళాయి తెరిస్తే చాలు, కార్బొరేటరు మీద ఉండే చిన్న బొత్తాం దగ్గర నుంచి బొట్లు బొట్లుగా దిగుతుంది. కుళాయి కట్టేయడం మరిచిపోయిన రోజు పొద్దునకు ట్యాంకు సగం ఖాళీ. వసారా అంతా వాసన. మీ వదిన పొయ్యి వెలిగించడానికి భయపడి, గేదెను కట్టేసినట్టు బండిని గేటు బయట కట్టేయమంటోంది.

పోయిన ఆదివారం ఆరాధనకు గండిపాళెం బయలుదేరాను. సగం దారిలో పెట్రోలు అయిపోయింది. రెండు మైళ్ళు ఆ ఇనుప ఏనుగును తోసుకుంటూ పోయేసరికి జనమంతా లేచి ఇళ్ళకు పోయారు. నా ప్రసంగం వినడానికి రెండు మేకలు, ఒక చెవిటి ముసలాయన మిగిలారు. నాయన పాతికేళ్ళు ఇదే బండి మీద ప్రసంగాలకు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. మిషన్ దొర స్వదేశం పోతూ ఇచ్చినప్పుడే అది పాత బండి. అయినా నాయన ఒక్క ఆరాధన తప్పలేదు. నా చేతికి వచ్చిన ఆరు నెలలకే దీనికి ఈ రోగం.

జూలై ఒకటి దగ్గర పడింది. నాయన పోయాక బండి కోసం మనం కొట్లాడుకుంటే సంఘ పెద్దలు చేసిన ఏర్పాటు నీకు గుర్తుందనే అనుకుంటాను. ఆరు నెలలు బండి ఒకరి దగ్గర, అమ్మ ఇంకొకరి దగ్గర. జనవరిలో బండి నాకు వచ్చింది, అమ్మ నీ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు బండి నీకు రావాలి, అమ్మ ఇక్కడికి రావాలి. మాట తప్పే అలవాటు నాకు లేదు. కాని కారే బండిని ముప్పై మైళ్ళు తోలుకొచ్చి, నడిరోడ్డు మీద అంటుకుంటే ఎవరు జవాబుదారీ?

నువ్వు మెకానిక్కువి. ఒక ఆదివారం స్పానర్లు తీసుకొని బస్సెక్కితే గంట పని. ఎప్పుడు వస్తావో వెంటనే రాయి. అమ్మను పెట్టె సర్దుకొమ్మని చెప్పు.

నీ అన్న,
వరప్రసాదం


ఆత్మకూరు,
24 జూన్

అన్నకు ఓబయ్య నమస్కారం.

నీ జాబు అందింది. ఇక్కడ నేనూ, రెబెకమ్మా, పాపా బాగుండాము. అమ్మ బాగుండాది.

రావాలనే ఉండాది గాని ఇప్పుడు కుదరదన్నా. సంగం దిక్కు ఎండకాలంలో వేసిన ఎడగారు పైరుకు కాలవ నీళ్ళు చాలక రైతులు రేయింబగళ్ళు ఆయిల్ ఇంజన్లు ఆడిస్తా ఉండారు. ఆడించినంత సేపు ఆడించి, అవి మొండికేస్తే నా కాడికి మనిషిని తరుముతారు. పోకపోతే ఇంకో మెకానిక్కును చూసుకుంటారు.

కార్బొరేటరుకు నువ్వేమీ భయపడబాక. ట్యాంకు నించి పైపు వచ్చి తగులుకునే కాడ ఒక పెద్ద నట్టు ఉంటాది చూడు. దాని కింద ఫైబరు వాషరు. అది అరిగిపోయుంటాది. నట్టు బిగించు. అయినా కారితే, బట్టల సబ్బు తడిపి మెత్తగా చేసి చుట్టూ అద్దు. పెట్రోలుకు సబ్బు కరగదు. లారీ డ్రైవర్లందరూ చేసే పనే ఇది. వారం రోజులు అట్టనే ఉంచి చూసి నాకు రాయి.

ఒక మాట. ఆ ఊరి మెకానిక్కులకెవరికీ ఇవ్వబాక. నాయన బతికుండంగా నేను తప్ప దాని మీద ఎవడూ చెయ్యి పెట్టలా. పాత ఇంగ్లీషు బండి, మరలు మర్యాదగా తిప్పాలి.

ఒకటో తారీకు నాలుగు రోజులు అటూ ఇటూ అయితే మునిగిపోయేది ఏముండాది? వదినను అడిగినానని చెప్పు.

ఇట్లు,
ఓబయ్య


ఉదయగిరి,
2 జూలై

తమ్ముడు ఓబయ్యకు,

నువ్వు నా ఉత్తరం చదివావా, లేక కవరు చూసే జవాబు రాశావా? కారేది నట్టు దగ్గర కాదు, బొత్తాం దగ్గర అని నేను రాశాను. అయినా మెకానిక్కు చెప్పాడు కదా అని నట్టు బిగించాను. సబ్బు అద్దాను. వారం ఆగమన్నావు, వారం ఆగాను.

ఫలితం విను. కారడం ఆగలేదు. పైగా సబ్బు లోపలికి ఎట్లా పోయిందో పోయింది. నిన్న బడికి బయలుదేరుతూ నలభై ఆరు కిక్కులు కొట్టాను. లెక్కపెట్టింది నేను కాదు, గేటు దగ్గర నిలబడిన నా మూడో తరగతి పిల్లలు. నలభై ఏడోసారికి కిక్కు రాడ్డు వెనక్కి తన్ని నా చీలమండ వాచింది. పిల్లలు, "అయ్యవారూ, మేం తోయమా?" అంటే, తోయండిరా అన్నాను. బడి దాకా తోశారు. బండి మీద దొరలాగా కూర్చొని, స్టార్టు కాని బండిని పిల్లల చేత తోయించుకుంటూ బడికి పోయిన అయ్యవారు ఈ జిల్లాలో నేనొక్కడినే.

ఇంకో దారి చెబుతున్నాను. నువ్వు రాలేవు, సరే. నేను కార్బొరేటరు ఊడదీసి, గుడ్డలో చుట్టి, ఆత్మకూరు బస్సు కండక్టరుకు ఇచ్చి పంపుతాను. నువ్వు బాగుచేసి అదే బస్సులో తిప్పి పంపు. రెండు రోజుల పని.

నిన్నటికి ఒకటో తేదీ వచ్చి పోయింది. ఆరాధన కాగానే సంఘం సెక్రటరీ రాజమోహన్ గారు అందరి ముందు అడిగారు, "ఏం సార్, మార్పిడి ఎప్పుడు?" అని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మను సిద్ధంగా ఉండమని చెప్పు.

నీ అన్న,
వరప్రసాదం


ఆత్మకూరు,
6 జూలై

అన్నకు నమస్కారం.

కార్బొరేటరు బస్సులో పంపబాక. పోయినేడు ఒకాయన ఇంజను సామాను ఇట్టనే కండక్టరుకు ఇస్తే, అది బద్వేలు దాకా పోయి మూడు వారాలకు తిరిగొచ్చింది. పోతే ఈ బండికి ఇంకో కార్బొరేటరు మద్రాసులో గూడా దొరకదు.

సబ్బు ఎక్కువ పెట్టినట్టుండావు. పోనీలే. ఇప్పుడు ఫ్లోటు చూడు. కార్బొరేటరు గిన్నె విప్పితే లోపల బోలు ఇత్తడి డబ్బీ ఉంటాది. పెట్రోలు నిండేకొద్దీ అది తేలి, పైనుండే సూదిని నెట్టి దారి మూస్తాది. డబ్బీకి బొక్క పడితే అందులోకి పెట్రోలు దూరి మునిగిపోతాది. అప్పుడు దారి మూసుకోక పొర్లుతాది. నీ బండికి జరిగేది అదే.

డబ్బీని చెవి కాడ పెట్టి ఊపు. గలగలమంటే బొక్క ఉన్నట్టు. అనకపోతే బొక్క లేదని అనుకోబాక, సూదిమొనంత బొక్క అయితే శబ్దం రాదు. ఒక గిన్నెలో నీళ్ళు బాగా కాచి, పొయ్యి మీద నించి దించి దూరంగా పెట్టి, డబ్బీని ముంచు. బుడగలు వస్తే ఆడ బొక్క. ఒకసారికి తెలీదు. రోజుకొకసారి చొప్పున మూడు రోజులు చూడు. తొందరపడితే పని చెడతాది.

పెద్దలు అడిగితే బండి బాగుచేస్తా ఉండామని చెప్పు. అది అబద్ధం గాదు గదా.

అమ్మ బాగుండాది. పాపకు పళ్ళు వస్తా ఉండాయి, అందరినీ కొరకతా ఉండాది.

ఓబయ్య


ఉదయగిరి,
12 జూలై

తమ్ముడు ఓబయ్యకు,

నీ ఇత్తడి డబ్బీని మూడు రోజులు ఉడకబెట్టాను. ఒక్క బుడగ రాలేదు.

బడి నుంచి వచ్చి నేను చేసే పని ఏమిటో నీకు తెలియాలి. మీ వదిన నీళ్ళు కాచి ఇస్తుంది. నేను గిన్నె ముందు గొంతుక్కూర్చొని, కొంగ చేపను చూసినట్టు నీళ్ళను చూస్తాను. మొదటి రోజు మీ వదిన, "బుడగొచ్చిందా?" అంది. రెండో రోజు, "ఉప్పు వెయ్యాల్నా?" అంది. మూడో రోజు, పెట్రోలు కంపు వదలని ఆ గిన్నెను తీసుకుపోయి దిబ్బ మీద పారేసింది. అది వాళ్ళ అమ్మ ఇచ్చిన గిన్నె.

నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయి డబ్బీని కంసాలి పెంచలనరసయ్య దగ్గరికి తీసుకుపోయాను. ఆయన భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, తూచి, "అయ్యవారూ, దీనికి బొక్క లేదు, దీంట్లో బంగారమూ లేదు. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

ఓబయ్యా, ఇక ఉత్తరాల వైద్యం చాలు. ఈ శనివారం బడి ఒక పూటే. మధ్యాహ్నం బస్సుకు కార్బొరేటరు చేత్తో పట్టుకొని నేనే వస్తాను. నువ్వు నా కళ్ళ ముందు బాగు చెయ్యి. ఆదివారం పొద్దున బస్సుకు అమ్మను తీసుకొని వచ్చేస్తాను. బండి తరవాత తోలుకొచ్చి ఇస్తాను. వెనకా ముందూ అయినా పెద్దల మాట నిలబెట్టినవాళ్ళమవుతాం.

అమ్మ కులాసాయే కదా.

నీ అన్న,
వరప్రసాదం


ఆత్మకూరు,
13 జూలై

అన్నకు,

నీ జాబు ఇప్పుడే అందింది. ఈ జాబు ఉదయగిరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిస్తా ఉండాను.

శనివారం రాబాక. నేను ఊళ్ళో ఉండను, ఇంజను సామాను కోసం నెల్లూరు పోవాల. అమ్మ గూడా ఇంట్లో లేదు, రెబెకమ్మ వాళ్ళ అక్క రమ్మంటే సంగం పోయుండాది. పది పదహైదు రోజులు ఆడనే ఉంటుంది. నువ్వొచ్చినా తాళం చూసి పోవాల్సిందే.

కొత్త ఫ్లోటుకు మద్రాసులో తెలిసినాయనకు రాసినాను. అది వచ్చినాక నేనే తెచ్చి బిగిస్తా. అంతవరకూ కుళాయి కట్టేసి బండిని పక్కన పెట్టు. కోపం తెచ్చుకోబాకన్నా.

ఓబయ్య


ఉదయగిరి,
24 జూలై

ఓబయ్యకు,

బండి బాగయింది. నీ వల్ల కాదు.

బస్టాండు పక్కన కామయ్య అని లారీ మెకానిక్కు ఉన్నాడు. బయటి మెకానిక్కులకు ఇవ్వొద్దన్న నీ మాట ఇంతకాలం పట్టుకొని కూర్చున్నాను. నిన్న ఆ మాటను తీసి గట్టున పెట్టి బండిని అతని దగ్గరికి తోసుకుపోయాను. ఎక్కడ కారుతోంది అన్నాడు. చూపించాను. గిన్నె విప్పాడు, సూది బయటికి లాగాడు, వెలుతురుకు పట్టుకొని నా చేతికిచ్చాడు.

"మొన మీద గీత పడుండాది చూడండి. దారి పూరా మూసుకోక ఆ సందులో నించి పొర్లతా ఉండాది. ఇన్ని రోజులూ ఏం చేసినారు సార్?"

"సబ్బు పెట్టాను. ఫ్లోటును వేడినీళ్ళలో పెట్టి చూశాను."

"ఎవురు చెప్పినారు మీకు?"

"మా తమ్ముడు."

"ఆయనేం పని చేస్తాడు?"

"మెకానిక్కు."

కామయ్య నా ముఖం ఒకసారి చూసి, సూదిని సన్నటి గరుకు కాగితం మీద తిప్పి తిప్పి అరగదీశాడు. అది కూర్చునే గుంటలో పెట్టి మెల్లిగా తట్టాడు. కుళాయి తెరిచాడు. ఒక్క బొట్టు పడలేదు. మొత్తం ఇరవై నిమిషాలు. "బొత్తాం కాడ కారతాంటే మొదట చూడాల్సింది సూదే సార్, చిన్న పిలకాయకు గూడా తెలుసు," అన్నాడు.

అంటే నీకు తెలుసు. మొదటి ఉత్తరం నుంచీ తెలుసు. తెలిసీ నా చేత సబ్బు పూయించావు, ఇత్తడి ఉడికించావు, ఊరంతా నవ్వుకునేట్టు చేశావు. ఎందుకు?

ఇంకొకటి. చింతపండు అమ్ముకునే నాగులమ్మ పోయిన వారం ఆత్మకూరు సంతకు వచ్చి మీ ఇంటికి పోయిందట. అమ్మ కోసం అడిగితే, "పడుకోనుండాది, ఇప్పుడు లేపకూడదు," అని రెబెకమ్మ వాకిట్లో నుంచే పంపించేసిందట. సంగంలో ఉన్న అమ్మ ఆత్మకూరులో ఎట్లా పడుకుంటుంది?

నాకు అర్థమయింది. మీ పాపను ఎత్తుకోవడానికి, మీ అంట్లు తోమడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. అమ్మ ఇక్కడికి వస్తే ఆ పనులు చేసేవాళ్ళు ఉండరు. అందుకే ఈ నాటకం.

ఆగస్టు ఆరో తేదీ ఆదివారం రాజమోహన్ గారినీ, ఇద్దరు పెద్దలనూ వెంటబెట్టుకొని వస్తున్నాను. ఇంట్లో ఉంటావో, నెల్లూరు పోతావో నీ ఇష్టం. అమ్మను మాత్రం తీసుకుపోతాను.

వరప్రసాదం


ఆత్మకూరు,
27 జూలై

అన్నకు,

నిజం రాస్తా ఉండాను.

అమ్మకు కాలు విరిగింది. కుడి కాలు, మోకాటి కింద ఎముక. జూన్ పద్నాలుగో తారీకు పొద్దున. నీ మొదటి జాబు నాకు అందేతలికి అమ్మ పడి వారం.

ఎట్టంటే, ఆ పొద్దున వాకిట్లో ఒక ఇంజను విప్పి మడ్డి నూనె డబ్బాలోకి దించినాను. డబ్బా తగిలి పక్కకు ఒరిగింది. నూనె గుమ్మం కింద కడప దాకా పారింది. గంజి తాగినాక ఇసక పోసి ఎత్తుదామనుకున్నాను. ఆ గంజి అమ్మే నాకోసం తెస్తా ఉండాది. కడప దాటను కాలు పెట్టింది. నేను చూస్తానే ఉండాను. చేతిలో స్పానరు వదిలి లేచేలోపల పడిపోయింది. పడి గూడా, "పాప మీద పడలేదు గదా గంజి?" అని అడిగింది. పాప ఆడ లేనే లేదు.

కట్టు కట్టించినాను. కట్టినాయన రెండు నెలలు కదలకూడదన్నాడు, ఆ తర్వాత ఇంకో నెల ఊతకర్ర. ముసలి ఎముక, నిదానంగా అతుక్కుంటాదంట.

బొత్తాం కాడ కారతా ఉండాదని నువ్వు రాసినావే, ఆడనే సూది అని నాకు తెలిసింది. కాని అది చెప్పితే బండి మర్నాడు బాగవుతాది. బాగయితే నువ్వు తోలుకోని వస్తావు. వస్తే చూస్తావు. అందుకే సబ్బన్నాను, ఫ్లోటన్నాను. కట్టు విప్పిందాకా ఎట్టనో ఒకట్ట నెట్టాలనుకున్నాను. అమ్మ నిలబడినాక చూపిద్దామనుకున్నాను.

ఎందుకంటావా? పంచాయితీ రోజు నువ్వు పెద్దలందరి ముందర ఏమన్నావో నీకు గుర్తుండాదో లేదో. "వాడి ఇల్లు ఇల్లా? నూనె మడ్డిలో అమ్మ ఎక్కడ కాలు పెడుతుంది?" అన్నావు. నాకు ఆ మాట ఆరు నెలలు నిద్దర పట్టనియ్యలా. రోజూ కడప కడిగినాను. ఒక్క రోజు కడగలేదు. నువ్వన్న మాట నేనే నిజం చేసి పెట్టినాను. ఇంక నీ ముందర ఏ మొగం పెట్టుకోని నిలబడేది?

నన్ను ఏమన్నా పడతాను. కాని అంట్లు తోమను అమ్మ కావాలన్నావే, అది మాత్రం పడను. ఈ నలభై రోజులుగా రెబెకమ్మ అమ్మను పసిబిడ్డను చూసినట్టు చూస్తా ఉండాది. ఆ మాట దానికి చదివి వినిపించలేదు.

పెద్దలను తీసుకురాబాకన్నా. నువ్వు రా.

ఓబయ్య


ఆత్మకూరు,
28 జూలై

పెద్దోడు వరప్రసాదానికి అమ్మ శీనమ్మ రాసేది.

చెయ్యి వణకతా ఉండాది, అక్షరాలు కూడబలుక్కోని చదువుకో.

రాత్రి చిన్నోడు నా మంచం కాడ కూర్చోని ఏడ్చి, అంతా చెప్పినాడు. ఈ పొద్దు వాడు పనికి పోయినాక రెబెకమ్మ చేత నీ జాబులన్నీ తెప్పించుకోని చదివినాను. బైబిలు చదువుకోమని మీ నాయన నాకు అక్షరాలు నేర్పించినాడు. ఇట్టాంటివి గూడా చదవాల్సొచ్చింది.

చిన్నోడు చేసింది తప్పే. దెబ్బలు తగలాల్సిన తప్పు. వాడు నీకొక అబద్ధం చెప్పినాడు, నాకొక అబద్ధం చెప్పినాడు. నేను పడిన రోజే, "అన్నకు రాయరా," అన్నాను. "రాసినానమ్మా, బడి ఇప్పుడే తెరిచినారంట, వీలు చూసుకోని వస్తాడంట," అన్నాడు. వారం అయినాక మళ్ళా అడిగినాను. మళ్ళా అదే మాట. మన వాకిట్లో నించి చూస్తే ఉదయగిరి బస్సు కనపడతాది. రోజుకు నాలుగు బస్సులు. నలభై రోజులు నాలుగు బస్సులూ చూసినాను. కాలు విరిగిందని తెలిసి గూడా పెద్దోడు రాలా అనుకున్నాను. ఎముక నొప్పి ఒకెత్తు, అది ఒకెత్తు.

నీకు తెలీదని రాత్రి తెలిసింది. కడుపు చల్లబడింది. పొద్దున నీ జాబులు చదివినాక మళ్ళా మండింది.

నాలుగు జాబులు రాసినావు. సబ్బు ఉండాది, నట్టు ఉండాది, నలభై ఆరు కిక్కులు ఉండాయి. నా గురించి ఏముండాది? పెట్టె సర్దుకొమ్మను. సిద్ధంగా ఉండమను. కులాసాయే కదా. తీసుకుపోతాను. అంతే. వాడు బాగుండాది అని రాస్తే, ఎట్ట బాగుండాది, ఏం తింటా ఉండాది, కళ్ళు కనపడతా ఉండాయా అని ఒక్క మాట తిరిగి అడగలా నువ్వు. అడిగి ఉంటే వాడు ఇన్ని రోజులు దాచలేకపోయేవాడు. వాడికి అంత గట్టి గుండె లేదు.

మీ నాయన పోయిన నెలకు పెద్దలంతా కూర్చోని పంచినారే, ఆ రోజు నేను తలుపు వెనకనే ఉండాను. బండి సంగతి మధ్యాన్నం దాకా మాట్లాడినారు. లేచేటప్పుడు ఎవరో, "మరి ముసలామె?" అన్నారు. బండి లేనోళ్ళ కాడ ఉంటుందిలే అన్నారు. నవ్వినారు గూడా. నన్ను పిలవలా. మీరిద్దరు గూడా పిలవలా. మీ నాయన పోయిన దుక్కంలో ఉండాను, ఏమీ అనలా. ఇప్పుడు అంటా ఉండాను.

నన్ను పంచబాకండి. బండి ఏమన్నా చేసుకోండి, కోసి చెరో చక్రం తీసుకోండి. కట్టు విప్పినాక నేను యాడుండాలో నేనే చెప్తాను. ఆ పెద్దల్ని వెంటబెట్టుకోని వస్తే తలుపు వేసుకుంటా. కాలు విరిగినా గొళ్ళెం అందుతాది నాకు.

లిదియమ్మకు గిన్నె పోయిందంట గదా. నా పెట్టెలో ఒకటి ఉండాది, ఇస్తానని చెప్పు.

మీ అమ్మ


ఉదయగిరి,
7 ఆగస్టు 1978

అమ్మకు,

నీకు నేను ఇంతవరకు ఒక్క ఉత్తరం కూడా రాయలేదని, కాగితం ముందు పెట్టుకున్నాక తెలిసింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను. బడిలో పిల్లలకు లేఖలు రాయడం నేర్పేది నేను.

పోయిన వారం నేను వచ్చి నీ దగ్గర కూర్చున్న మూడు గంటల్లో చెప్పలేకపోయినవి కొన్ని ఉన్నాయి.

నీ ఉత్తరం బడిలో ఉండగా అందింది. చదివి, పిల్లలను ఇళ్ళకు పంపేసి, అట్లాగే బస్టాండుకు నడిచాను. బస్సు దుత్తలూరు దాటాక గాని బాగయిన బండి ఇంట్లో ఉందన్న సంగతి గుర్తుకు రాలేదు. దారి పొడుగునా ఓబయ్యను అనవలసిన మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాను. తప్పు నాది కూడా అని నువ్వు రాశావు కాని, ముప్పై మైళ్ళూ నాకు వాడి తప్పే కనపడింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి వాడు నిన్ను రెండు చేతుల మీద ఎత్తుకొని దొడ్లో నుంచి లోపలికి తెస్తున్నాడు. నువ్వు వాడి మెడ పట్టుకొని, "నిదానంరా, గుమ్మం తగలతాది," అంటున్నావు. వాడు పక్కకు తిరిగి, ముందు నీ కాలు లోపలికి పోనిచ్చి, తరవాత వాడు వచ్చాడు. రోజూ చేసే పని కనుక అంత ఒడుపుగా చేశాడు. నేను వచ్చింది మీరిద్దరూ చూడలేదు. వెనక్కి పోయి వేపచెట్టు కింద కాసేపు నిలబడి, అప్పుడు పిలిచాను. దగ్గాను కూడా. కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని నువ్వు అడిగితే బస్సులో దుమ్ము అన్నాను. దుమ్ము కాదు.

రెబెకమ్మ అన్నం పెడుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. ఆ మాట ఆమెకు చదివి వినిపించలేదని వాడు రాశాడు కాని, ఉత్తరాలన్నీ నీకు తెచ్చిచ్చింది ఆమే కదా. చదివే ఉంటుంది. అయినా రెండోసారి కూర వేసింది. నేను క్షమించమని అడిగానని నువ్వే చెప్పు. వచ్చినప్పుడు నేనూ చెబుతాను.

నువ్వు నిద్రపోయిన తరవాత నేనూ వాడూ కడప దగ్గర మట్టి జానెడు లోతు పార పెట్టి చెక్కేశాం. పంచాయితీ రోజు అన్న మాటకు నేను సంజాయిషీ చెప్పబోతే, "బురద నీ పంచెకు తగలతా ఉండాది, ఎగ్గట్టుకో," అన్నాడు. కడప బండ తెచ్చి వేస్తానన్నాడు, వేశాడా? నున్నటిది కాకుండా గరుకుది చూసి వెయ్యమను.

నిన్న ఆరాధన కాగానే రాజమోహన్ గారు లేచి, "సార్, మనం ఆత్మకూరు పోవాల్సింది కదా?" అన్నారు. అవసరం లేదు, ఆ ఏర్పాటు ఇక లేదన్నాను. "మరి అమ్మగారు ఎవరి వంతు?" అన్నారు. నాకు కోపం రాలేదమ్మా, సిగ్గు వేసింది. ఆ మాట ఆయనకు నేర్పింది మేమే. మా అమ్మ ఎవరి వంతూ కాదు, ఆ రోజు ఆమెను అడగకుండా పంచుకున్నందుకు తప్పు ఒప్పుకుంటున్నాను అని అందరూ వినేట్టు చెప్పాను. వెనక బల్లల మీద నుంచి ఎవరో ముసలామె గట్టిగా, "ఆమేన్," అంది.

బండి సంగతి వాడూ నేనూ ఇంకా తేల్చుకోలేదు. తొందర లేదు.

నిన్ను రమ్మని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. శనివారం మధ్యాహ్నం బస్సుకు నేనూ లిదియమ్మా వస్తున్నాం. నాలుగు బస్సులూ చూడొద్దు, మూడోది.

నువ్వు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలు సలుపు తగ్గిందా? కట్టు కింద దురద పెడుతోందని అన్నావు, దానికి ఏం చేస్తున్నారు? పాదం వాపు వేళ్ళ దాకా ఉందా, మడమ దగ్గరేనా? అన్నం తింటున్నావా, గంజేనా? చదువుకోవడానికి కళ్ళద్దాలు చాలుతున్నాయా? వాకిట్లో మంచం వేసినప్పుడు ఎండ ముఖం మీద పడకుండా ఎవరైనా జరుపుతున్నారా? ఓబయ్య చేత రాయించొద్దు, వాడు బాగుండాది అని రాసి ఊరుకుంటాడు. చెయ్యి వణికినా సరే, నువ్వే రాయి. కూడబలుక్కొని చదువుకుంటాను.

నీ పెద్దకొడుకు,
వరప్రసాదం